ఆరున్నర మిల్లీమీటర్లు

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. ఆ పేరుతో పిలిస్తే అతనే వెంటనే పలకడు. వీధిలో, పనిలో, చివరికి కట్టుకున్న భార్య నోట కూడా అతను రంపమే. ఇరవై ఆరేళ్లుగా గీత తప్పకుండా చెక్క కోస్తున్నవాడికి ఆ పేరు రావడంలో వింతేమీ లేదు. కానీ నోరు విప్పితే వినేవాళ్లకు రంపపుకోత గనకే ఆ పేరొచ్చిందని వాళ్ల బావ పదిమందిలో చెబుతుంటాడు. అది పచ్చి అబద్ధం. రంపం రోజు మొత్తం మీద పట్టుమని పాతిక మాటలు మాట్లాడితే గొప్ప. బావమరిదిని ఏడిపించడం బావలకు పుట్టుకతో వచ్చిన హక్కు కాబట్టి ఆ అబద్ధాన్ని ఎవరూ ఖండించరు.

బావ అంటే అక్క మొగుడు. పనిలో ఆయన్ని స్కేలుగారు అనేవాళ్లు. ఇనుము కరిగించి పోత పోసే కర్మాగారంలో, చెక్క నమూనాలు చేసే విభాగంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు. పంపు తొడుగైనా పళ్ల చక్రమైనా పోత పొయ్యాలంటే ముందు అచ్చం అలాంటిదే చెక్కతో చెయ్యాలి. దాన్ని తడి ఇసుకలో అదిమి, పైకి తీసి, ఏర్పడ్డ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. అయితే ఇనుముకు ఒక దుర్గుణం ఉంది. చల్లారేటప్పుడు ముడుచుకుపోతుంది, నూటికి ఒక పాలు. కాబట్టి చెక్క నమూనాని నూటికి ఒక పాలు పెద్దగా చెయ్యాలి. ప్రతి కొలతకీ లెక్క కట్టుకుంటూ కూర్చుంటే తెల్లారినట్టే. అందుకని గీతలే అంత మేర ఎడంగా కొట్టిన స్టీలు స్కేలు ఒకటి ఉంటుంది. చూడ్డానికి మామూలు స్కేలే. వంద అని రాసి ఉన్నచోట నిజానికి నూట ఒకటి ఉంటుంది. మూల మీద గోరంత ముద్ర తప్ప వేరే తేడా కనపడదు. పనివాళ్లు దాన్ని దొంగ స్కేలు అనేవాళ్లు.

మామూలు స్కేలు బల్లకి కుడివైపు, దొంగ స్కేలు ఎడమవైపు. ముప్ఫై నాలుగేళ్లలో స్కేలుగారు ఒక్కసారి కూడా వాటిని తారుమారు చెయ్యలేదు. మిగతావాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసి తిట్లు తిన్నవాళ్లే. ఆయన మాత్రం చెయ్యలేదు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు, పక్కవాళ్లకి తెలియకుండా ఉండనిచ్చేవాడూ కాదు.

రంపం పందొమ్మిదో ఏట ఆ విభాగంలో చేరాడు. తండ్రి పోయి ఇల్లు గడవని రోజుల్లో కొత్తగా పెళ్లయిన బావ తీసుకెళ్లి చేర్చాడు. ఇంట్లో "నువ్వు, బావా" అనేవాడు అక్కడికి పోగానే "మీరు, సార్" అనాల్సొచ్చింది. చుట్టరికం గేటు దగ్గరే ఆగిపోయేది. మొదటి రోజే ఒక గీత గీసి కొయ్యమన్నాడు బావ. కోశాడు. ఆ ముక్కని వెలుతురుకి పెట్టి చూసి, చెత్త డబ్బాలో పారేసి, "మళ్లీ" అన్నాడు. ఆ రోజు ఆ మాట నలభైసార్లు అని ఉంటాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర రంపం కళ్లు తుడుచుకుంటుంటే బావ పక్కనే కూర్చుని తన మానాన తను తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి, మళ్లీ "మళ్లీ" అన్నాడు.

ఆ విభాగంలో ఒక కట్టుబాటు ఉండేది. ఒక పని మొదలుపెడితే కొలిచేది ఒక్కరే. రెండోవాడు కోస్తాడు, చిత్రిక పడతాడు, జిగురు పెట్టి అతికిస్తాడు, స్కేలు మాత్రం ముట్టుకోడు. ఇద్దరు కొలిస్తే ఇద్దరి కళ్లలోని తేడా పనిలోకి వచ్చేస్తుందని వాళ్ల నమ్మకం. కోసేవాడు అంకె అడగడు, గీతని చూస్తాడు. గీతలో సగం మిగలాలి, సగం పోవాలి. ఇరవై రెండేళ్లు బావ గీశాడు, రంపం కోశాడు. ఆ తర్వాత నమూనాలన్నీ మిషన్లే చెక్కడం మొదలయ్యి ఆ విభాగం మూతపడింది. బావ రెండు స్కేళ్లూ వెంట తెచ్చుకుని ఇంటికొచ్చేశాడు. రంపం నాలుగు వీధుల అవతల వంటింటి అలమరలు చేసే చోట చేరాడు. అప్పటినుంచీ సెలవురోజు వస్తే చాలు, బావ ఇంటి వెనక షెడ్డులో తేలతాడు. అక్కడ కూడా అదే పద్ధతి. బావ గీస్తాడు, అతను కోస్తాడు. నలభై ఐదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, బావ పనిలో ఒక్కసారి కూడా స్కేలు పెట్టి ఎరగడు. అదేమిటని అడిగినవాడూ లేడు, అతనికి అడగాలనీ తోచలేదు.

బావకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. పోత పోసే పక్క హాల్లోని ఇసుక దుమ్ము ముప్ఫై నాలుగేళ్లు ఊరికే పోలేదు. మొదట మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, ఇప్పుడు నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఆయాసం. షెడ్డులో తను కూర్చునే స్టూలు నుంచి పనిముట్లు తగిలించిన గోడకి పదకొండు అడుగులు. ఆ పదకొండు అడుగుల్లో రెండుసార్లు ఆగి బల్ల పట్టుకుంటున్నాడు. ఉలి తెచ్చుకుని కూర్చునేసరికి దాంతో ఏం చెయ్యాలనుకున్నాడో ఆ ఓపిక పోతోంది.

అందుకని చక్రాల బీరువాలు చెయ్యాలని సంకల్పించాడు. మూడు పొట్టి బీరువాలు, ఒక్కోదానికి మూడు సొరుగులు, కింద నాలుగు చక్రాలు. పనిలేనప్పుడు మూడూ పొడుగు పనిబల్ల కిందకి దూరిపోవాలి. పని ఉన్నప్పుడు స్టూలు మీదనుంచి లేవకుండా పిడి పట్టుకుని లాగితే ఉలులున్నది ఒళ్లోకి రావాలి, డ్రిల్లు మిషనున్నది పక్కకి రావాలి. "నేను పనిముట్ల దగ్గరికి పోలేకపోతే అవే నా దగ్గరికి వస్తాయి. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, ఆమాత్రం మర్యాద చెయ్యవా?" అన్నాడు. పొట్టి పెన్సిలుతో అట్టముక్క మీద బొమ్మ గీసి చూపించాడు. పెట్టె ఎత్తు ఆరువందల యాభై మిల్లీమీటర్లు, చక్రాలు వంద, మొత్తం ఏడువందల యాభై. బల్ల కింద ఖాళీ ఏడువందల యాభై మూడు. 

"మూడు మిల్లీమీటర్లే సందా బావా? కాస్త ఎక్కువ వదలరాదా?" అన్నాడు రంపం.

"ఎందుకు? నీ తలకాయ పెట్టి చూస్తావా అందులో?"

డాక్టరు వేరే మాట చెప్పింది. రక్తంలో ఆక్సిజన్ చాలటం లేదు, ఇంట్లో మిషను పెట్టుకుని రోజులో మూడువంతుల సేపు ముక్కుకి గొట్టం తగిలించుకోవాలి అంది. లేకపోతే గుండె మీద భారం పడుతుంది, తల మందగిస్తుంది, ఆలస్యం చేసిన కొద్దీ పోయింది తిరిగి రాదు. అక్క రెండు నెలలుగా ఆ మిషను గురించి ఆయన చెవిలో పోరు పెడుతోంది. గొట్టం ఎంత పొడుగైనా షెడ్డు దాకా రాదు, వచ్చినా నిప్పురవ్వలు లేచే మిషన్ల పక్కన అది పనికిరాదు. పెట్టుకుంటే షెడ్డులో సగం పని మానుకోవాల్సిందే. బావ ఒంటికాలి మీద లేచాడు.

"ముక్కుతాడు వేసి మంచానికి కట్టేస్తారా నన్ను? తల మందగించిందా లేదా నాకు తెలుస్తుంది. నా కొలత తప్పనీ. తప్పిన రోజున నువ్వు చెప్పినట్టే వింటాను. అప్పటిదాకా ఆ మాటెత్తకు."

అక్క ఆ మాట గట్టిగా పట్టుకుంది. తమ్ముణ్ని వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "ఒరేయ్, ఆయన అన్నమాట తప్పే మనిషి కాదు. ఎక్కడైనా పొరపాటు చేస్తే నీకే తెలుస్తుంది. నాకు చెప్పరా. నీకు దణ్ణం పెడతాను." పెద్దదై ఉండి అక్క దణ్ణం పెడతాననేసరికి అతనికి చచ్చేంత సిగ్గేసింది. సరేనన్నాడు. బావ పొరపాటు చెయ్యడమేమిటి, ఇది తేలే వ్యవహారం కాదు అని లోపల అనుకున్నాడు కూడా.

మొదటి బీరువా రెండు సెలవురోజులు పట్టింది. ప్లైవుడ్ పలకని రెండు చెక్క స్టాండ్ల మీద పరిచారు. బావ స్టూలు మీద కూర్చుని గీస్తుంటే, ఆయన లేవకుండా రంపం పలకనే చుట్టూ తిప్పుతూ వచ్చాడు. అప్పుడు ఒకటి గమనించాడు. "పక్క పలక వెడల్పు ఎంతన్నానురా?" అని అడిగాడు బావ. అంకెలు ఒకరిని అడిగే మనిషి కాదు. రంపం అట్టముక్క చూపించాడు. మరో పావుగంటకి మళ్లీ అదే అడిగాడు. పెదాలు నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. ఆయాసం వల్లేలే అని రంపం తన మనసుకి సర్దిచెప్పుకుని కోత మొదలుపెట్టాడు. చూడదలుచుకోనివాడికి చూడకుండా ఉండడం ఏమంత కష్టం కాదు.

పెట్టె మాత్రం ముచ్చటగా కుదిరింది. సొరుగులు వేలు ఆనిస్తే చాలు, చప్పుడు లేకుండా లోపలికి పోతున్నాయి. పై సొరుగులో ఉలులకి విడివిడిగా గాడులు, మధ్య సొరుగులో చిత్రికలు, అడుగున బరువైన మిషన్లు. ముందు రెండు చక్రాలకి బ్రేకులు. ఆదివారం భోజనాల వేళకి స్క్రూలు బిగించడం పూర్తయింది. బావ దాని నెత్తి మీద ఒకసారి చెయ్యేసి, "తినొచ్చాక బల్ల కిందకి తోద్దాం, నేను లేకుండా తొయ్యకు" అని లోపలికి పోయాడు. తిని ఒరిగినవాడు ఒరిగినట్టే నిద్రపోయాడు.

తొయ్యొద్దన్న మాట వినకపోవడమే రంపం చేసిన తప్పు. లేదా చేసిన ఒకే ఒక మంచిపని. ఏదో ఇప్పుడు చెప్పినా లాభం లేదు. ఊరికే నిలబడలేక, సరిగ్గా వెళ్తుందో లేదో చూద్దామని బీరువాని బల్ల దగ్గరికి తోశాడు. పై అంచు బల్ల చట్రానికి టక్కున తగిలి ఆగిపోయింది.

చక్రాల కింద ఏమైనా ఇరుక్కుందేమోనని చూశాడు. ఏం లేదు. నేల ఎత్తు పల్లాలేమోనని పక్కకి జరిపి తోశాడు. మళ్లీ టక్. చట్రం దగ్గర మూడు, మూడున్నర మిల్లీమీటర్లు పైకి ఉంది. అప్పుడు తన సంచిలోంచి టేపు తీశాడు. తీసి, గుమ్మం వైపు చూశాడు, దొంగతనానికి వచ్చినవాడిలా. బావ కొలిచిన పనిని కొలవడం అతని జీవితంలో అదే మొదటిసారి. పెట్టె ఎత్తు ఆరువందల యాభై ఆరున్నర. వెడల్పు ఐదువందలు ఉండాల్సింది ఐదువందల ఐదు. లోతు, సొరుగు, ఏది చూసినా నూటికి ఒకటి ఎక్కువ. అన్నీ ఒకే లెక్కన ఎక్కువ కాబట్టే ఒకదానిలో ఒకటి అంత బాగా అమరాయి. బీరువా తనలో తాను సక్రమంగానే ఉంది. బయటి బల్ల దగ్గరికి వచ్చేసరికి పట్టలేదు.

స్టూలు పక్కన, కుడివైపు, మామూలు స్కేలు ఉండాల్సిన చోట ఉన్న స్కేలుని చేతిలోకి తీసుకున్నాడు. మూల మీద ముద్ర ఉంది.

స్టూలు మీద కూర్చోబోయి, అది బావ స్టూలని గుర్తొచ్చి నేల మీద చతికిలబడ్డాడు. లోపలికి వెళ్లి అక్కకి చెబితే సరిపోతుంది. చెప్పాలి. అక్క అడిగింది ఇందుకే. కానీ బావ లేచి వచ్చి, ఈ టక్ అన్న చప్పుడు విని, ఆ స్కేలు చూసుకుని, అప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో రంపానికి కనపడింది. ముప్ఫై నాలుగేళ్లు కుడీ ఎడమా తప్పని మనిషి. ఉన్న ఆస్తల్లా అదే. దాన్ని పెట్టుకునే ఈ జబ్బుతో పోట్లాడుతున్నాడు. అది కూడా లాగేసుకుంటే మనిషి మిగులుతాడా?

అతను అక్క దగ్గరికి పోలేదు. బీరువాని తలకిందులు చేసి చక్రాలు విప్పాడు. ఒక్కో చక్రానికి పైన చదరపు రేకు ఉంటుంది. ఆ రేకు అచ్చుగుద్ది గీసి, అడుగు పలకలో ఆరున్నర మిల్లీమీటర్ల లోతున నాలుగు గుంటలు ఉలితో చెక్కడం మొదలుపెట్టాడు. సుత్తి చప్పుడు వినపడకుండా పిడి మీద గుడ్డ చుట్టాడు. పద్దెనిమిది మిల్లీమీటర్ల పలకలో ఇంకా పదకొండున్నర మిగులుతుంది, బలానికి లోటు లేదు. పాత స్క్రూలు పొడుగవుతాయి గనక పొట్టివి వెతికి వేశాడు. గంటన్నరలో రేకులు గుంటల్లో దిగి కూర్చున్నాయి. చెక్క పొట్టు ఊడ్చాడు, దొంగ స్కేలు తన సంచిలో అడుక్కి తోశాడు, ఎడమవైపు ఉన్న మామూలు స్కేలు తీసి కుడివైపు పెట్టాడు. 

బావ లేచి వచ్చాడు. పిడి పట్టుకుని తనే తోశాడు. బీరువా బల్ల కిందకి మెత్తగా దూరిపోయింది, పైన మూడు మిల్లీమీటర్ల సందు వదిలి. బావ ఒంగి ఆ సందులోకి చూశాడు.

"ఏరా, సందు చాలదన్నావు? ఏదీ, పెట్టు తలకాయ!" అన్నాడు, నవ్వాడు, నవ్వు దగ్గుగా మారి చాలాసేపు ఆగలేదు. రంపం ఆయన వీపు రాస్తూ నిలబడ్డాడు. తను చేసింది మంచిపనే అనుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోయి కంచం ముందు కూర్చున్నాక కూడా అదే అనుకుంటూ ఉన్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

బుధవారం అక్క ఫోను చేసింది. మిషను అద్దెకిచ్చేవాళ్లు చూపించడానికి తెస్తున్నారు, ఆయన వాళ్లని తరిమేస్తాడు, నువ్వు పక్కనుంటే కాస్త తగ్గుతాడు, ఒక పూట సెలవు పెట్టు అంది. పెట్టాడు. వచ్చినవాళ్లిద్దరూ మర్యాదస్తులు. మిషను ముందుగదిలో దించి, బావ వేలికి క్లిప్పు తగిలించి, ఆక్సిజన్ అంకె చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బావకి అది నచ్చలేదు. "రండి" అని వాళ్లని షెడ్డులోకి నడిపించాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. 

స్టూలు మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, బల్ల కిందనుంచి బీరువా లాగాడు. సొరుగు తెరిచాడు, మూశాడు. మళ్లీ తోశాడు.

"ఆ సందు చూడండి. మూడు మిల్లీమీటర్లు. నాకు తల పనిచెయ్యట్లేదని డాక్టరమ్మ అంటోంది. తల పనిచెయ్యనివాడు కొలిచిన పని ఇలా ఉంటుందా? మీరే చెప్పండి."

వాళ్లేం చెబుతారు, పాపం. ఒకతను ఒంగి చూసి, చాలా బాగుందండీ అన్నాడు. అక్క తమ్ముడి వైపు చూసింది. ఏమైనా ఉందా అన్నట్టు, ఆఖరిసారి అడిగినట్టు చూసింది. రంపం నేలచూపులు చూశాడు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని వాళ్లతో అంది. "తీసుకెళ్లిపోండి బాబూ. మిమ్మల్ని ఊరికే తిప్పాను. ఆయన చెప్పిందే నిజమేమో."

ఆ చివరి మాటే రంపాన్ని పట్టుకుంది. రెండు నెలలు రోజూ పోట్లాడిన మనిషి, తన కళ్లతో చూసింది నమ్మడం మానేసి, అతను చెక్కిన నాలుగు గుంటల్ని నమ్మింది. ముందుగదిలో మిషను ఎత్తుతున్న చప్పుడు, వాకిట్లో వ్యాను తలుపు చప్పుడు వినపడ్డాయి. బావ ఈల వెయ్యబోయి, ఊపిరి చాలక ఊరుకున్నాడు. రెండో బీరువాకి పలక దించమన్నాడు. 

రంపం పలక దించలేదు. బీరువాని బల్ల కిందనుంచి బయటికి లాగాడు. సొరుగులు మూడూ ఒక్కొక్కటే ఊడదీసి గోడకి ఆనించాడు. 

"అదేంట్రా? బాగానే ఉందిగా, ఎందుకు విప్పుతున్నావు?"

రంపం ఖాళీ పెట్టెని పక్కకి ఒరిగించి, అడుగుభాగం బావ వైపు తిప్పాడు. బావ కళ్లు చికిలించి చూశాడు. రేకులు పలకలోకి దిగి ఉన్నాయి. ఆయన బొటనవేలి గోరు గుంట అంచు మీదుగా నెమ్మదిగా నడిచింది.

"ఇవి దింపమని నేను చెప్పలేదే."

"లేదు బావా."

"మరెందుకు దింపావు?"

"బల్ల కింద పట్టలేదు."

"ఎంత దింపావు?"

"ఆరున్నర."

ఆ అంకె ఆయనలోకి దిగడం రంపం చూస్తూ నిలబడ్డాడు. ఆ పనిలో ఉన్నవాడికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. చెయ్యి వణికితే ఒకచోట రెండు ఎక్కువవుతుంది, ఇంకోచోట ఒకటి తక్కువవుతుంది. ఆరువందల యాభైకి ఆరున్నర ఒక్కదానివల్లే వస్తుంది.

"స్కేలేది?" అన్నాడు బావ.

రంపం సంచి అడుగునుంచి తీసి ఇచ్చాడు. బావ మూల మీది ముద్ర చూసి, దాన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. అక్క ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకి కొలతలు తెలియవు గానీ ముఖాలు తెలుసు.

"ఎప్పుడు చూశావు?"

"ఆదివారం. నువ్వు పడుకున్నప్పుడు."

"మూడు రోజులు." బావ గొంతులో కోపం ఉంది. దాన్ని గట్టిగా అరిచేంత ఊపిరి లేదు. మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి అన్నాడు. "ఇరవై ఆరేళ్లు నీతో పనిచేశాను. నీమీద ఒక్కసారైనా జాలి చూపించానా?"

"లేదు బావా."

"నువ్వు తప్పు కోస్తే, పోన్లే పాపం అన్నానా?"

"లేదు."

"ఎందుకు అనలేదు? నువ్వు పనివాడివి కాబట్టి. మరి నామీద నువ్వెందుకు జాలిపడ్డావురా?"

రంపం ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా కాదు, నలభై ఐదేళ్ల మగవాడు ఏడ్చేటట్టు, వికారంగా, ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు పోతావేమోనని భయమేసింది బావా. చెబితే పోతావనిపించింది. చెప్పకపోతే పోతావని ఇందాక అర్థమైంది" అన్నాడు. అంత పెద్ద మాట అతను జీవితంలో ఎప్పుడూ అనలేదు.

బావ అక్క వైపు చూశాడు. ఆమె నేను చెప్పానా అనలేదు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె వేళ్లు గుమ్మం చెక్కని ఎంత గట్టిగా పట్టుకున్నాయో బావ చూశాడు. ఒళ్లోని స్కేలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎడమవైపు పెట్టబోయి, ఏది ఎడమో ఒక్క క్షణం తేల్చుకోలేక ఆగిపోయాడు. ఆ ఆగడం ముగ్గురూ చూశారు.

బయట వ్యాను ఇంజను స్టార్టయింది.

"నిలబడి చూస్తావేంరా?" అన్నాడు బావ. "వాళ్ల బండి మలుపు తిరక్కముందే పరిగెత్తు."